వెల యెంత? విలువ యెంత?

మహానగరమునకు పోయి వచ్చినవానిని మన పట్టణములలో మొదట నడుగు ప్రశ్న "ఎక్కడ దిగినారు?" అని. పోయిన పని నెరవేరినదా యను ప్రశ్న తరువాతిది. ఈ వరుసలోనే మన రోగమంతయు నున్నది. దిగిన చోటును బట్టి మనుష్యునకు విలువ కట్టు నలవాటు ప్రబలిన నాటినుండి హోటలువాడు మంచమునకు గాక మన సిగ్గునకు వెల కట్టుచున్నాడు.

గొప్ప హోటళ్లు ఉండనే కూడదని మా వాదము గాదు. బొంబాయి చరిత్రయే ఇందుకు సాక్ష్యము. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చటి వాట్సను హోటలు తెల్లవారికే తలుపు తెరచెడిది. 1903 డిసెంబరులో జంషెడ్జీ టాటా సముద్రతీరమున తాజమహలు హోటలును నెలకొల్పినప్పుడు, భారతీయుడు తన దేశమున తలయెత్తుకొని బస చేయదగిన మహాభవన మొకటి యేర్పడెను. తనకు జరిగిన పరాభవమునకు ప్రతిగా టాటా దానిని కట్టించెనను కథను చరిత్రకారులు పలువురు నమ్మరు. కథ యెట్లున్నను, ఆనాటి వెలలో ఆత్మగౌరవముగూడ చేరియుండెననుట నిశ్చయము. కాని 1950 జనవరి 26 నుండి అమలునకు వచ్చిన మన రాజ్యాంగము, తన 15వ అధికరణమున, మత జాతి కుల లింగ జన్మస్థలములను కారణముగా జూపి ఏ పౌరునికిని హోటలులో ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది. ఆ గౌరవము నేడు మనకు హక్కు. హక్కుగా సంక్రమించినదానిని మరల రొక్కమిచ్చి కొనుట వివేకమా?

ఇక లెక్కకు వత్తము. దినమునకు 7,500 రూపాయల గదిని ఒక పెద్దమనిషి తీసికొనెననుకొందము. 2025 సెప్టెంబరు 22 నుండి వచ్చిన రేట్ల ననుసరించి, ఇంతవరకు గల అద్దెపై వస్తుసేవల పన్ను నూటికి 5. అనగా 375 రూపాయలు. మొత్తము 7,875. అద్దె 7,501 అయినచో పన్ను నూటికి 18. అది 1,350 దాటును. హోటలువాడు ఒక్క రూపాయి పెంచినందులకు మన చేతినుండి 975 రూపాయలు అదనముగా పన్నునకు పోవును. మంచము మాత్రము అంగుళమైనను పెరుగదు. ఇక దినమనగా ఇరువదినాలుగు గంటలని భ్రమపడవలదు. మధ్యాహ్నము 2 గంటలకు లోనికి రానిచ్చి మరునాడు 11 గంటలకు వెలుపలికి పొమ్మను చోట దినమనగా 21 గంటలే. గంటకు 375 రూపాయలు. పగలంతయు కోర్టులోనో ఆసుపత్రిలోనో గడపి రాత్రి ఏడు గంటలు నిద్రించినవాడు ఆ నిద్రకు గంటకు 1,125 రూపాయలు చెల్లించినాడన్నమాట! ఇంత ఖరీదైన నిద్రలో అతడు కన్న కలలేవో మాకు దెలియదు.

గది అద్దెతో కథ ముగియదు. సీసా నీటిని దానిపై ముద్రించిన గరిష్ఠ ధరకు మించి హోటళ్లు అమ్మవచ్చునని 2017 డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అచ్చట జరుగునది వట్టి విక్రయము కాదు, వడ్డనయు పరిసరములును గలసిన సేవయని న్యాయమూర్తుల తర్కము. తీర్పును శిరసావహింతము, అందలి పాఠమునుగూడ గ్రహింతము. పెద్ద హోటలులో మనము కొనునది నీరు గాదు, పరిసరములు. దాహము తీరిన చాలుననువాడు పరిసరములకు వెల యేల యీయవలెను?

వడ్డన రుసుమును తనంత తానే బిల్లులో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న ఆదేశించెను. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించెను. ధరను ముక్కలు ముక్కలుగా బయటపెట్టి తుదకు బరువు మోపు మోసమును 2023 నవంబరులో వెలువడిన మార్గదర్శకములు నిషేధించినవి. శాసనము మన పక్షముననే యున్నది. లేనిది మన నోరు. కూరగాయల బండివానితో రెండు రూపాయలకు పోరాడు వీరుడు, చలువరాతి గచ్చుమీద నిలిచి వేయి రూపాయలకు మౌనవ్రతము పట్టును. బేరమాడుట నామోషీ యట! ఆ బండివాని యెదుట లేని నామోషీ ఇచ్చట నెక్కడినుండి వచ్చినది?

చౌకబస యపాయకరముగదా యని కొంద రందురు. ఇది త్రోసివేయదగిన మాట గాదు. 2022 సెప్టెంబరు 12న సికిందరాబాదులో ఒక లాడ్జికి నిప్పంటుకొని ఎనిమిదిమంది మరణించిరి. క్రింది భాగమున విద్యుత్ స్కూటర్ల దుకాణ ముండెను. కనుక తప్పించుకొనుటకు రెండవ మెట్లదారి, గట్టి గడియ, పరిశుభ్రమైన పక్క, నిద్రకు భంగము కలుగని నిశ్శబ్దము - వీనికి వెల యిచ్చుట దుబారా కాదు. ఒంటరిగా అర్ధరాత్రి దిగిన స్త్రీ క్షేమమునకై రెట్టింపు ఇచ్చినను అది న్యాయమైన వ్యయమే. వీనిని దాటి యిచ్చు ప్రతి రూపాయియు ద్వారమున తళతళలాడు దీపములకు చెల్లించు కప్పము. వేడుకకై పోయినవాడు తెలిసి చెల్లించిన చెల్లించుగాక. పనికై పోయినవాడు సిగ్గుచేత చెల్లింపరాదు.

అయితే క్షేమము ధనికుని సొత్తుగా నుండవలసినదేనా? తాజమహలు హోటలున్న నగరమందే, 1941లో టాటా ధర్మనిధి ద్రవ్యముతో పరేలున క్యాన్సరు వైద్యశాల తెరువబడెను. దానికి దూరదేశములనుండి వచ్చిన రోగులును వారి బంధువులును కాలిబాటలపై రాత్రులు గడుపుట పలుమారులు పత్రికల కెక్కిన దృశ్యము. దాదరులో గాడ్గే మహారాజు పేరిట నున్న ధర్మశాల యిట్టివారికి స్వల్ప రుసుముతో ఆశ్రయ మొసంగుచున్నది. నగరపు గొప్పతనమును కొలువవలసినది ఈ ధర్మశాలతోనని మా యభిప్రాయము. మన గోదావరి లంకలలో, 1909 వరకు జీవించిన డొక్కా సీతమ్మగారు దారినపోవు వారికి అన్నము పెట్టి పేరొందిరి. ఆమె యింటికి ఎవ్వరును నక్షత్రములు కట్టలేదు.

పాఠకమహాశయులారా, ఇకమీద గది కుదుర్చుకొనుటకు ముందే పన్నులతో సహా మొత్తము వెలను వ్రాతమూలకముగా నడుగుడు. పని జరుగు చోటు ఎంత దూరమో, అపాయకాలమున బయటపడు దారి యేదో విచారింపుడు. అన్యాయపు రుసుమును కొట్టివేయుమని గట్టిగా చెప్పుడు. వినరేని 1915 అను సంఖ్యకు ఫిర్యాదు చేయుడు. అంతకంటె ముఖ్యముగా, పెద్ద ఆసుపత్రుల చెంత నిరాడంబరమై నిరపాయమైన బసలను కట్టించుడని మీ పురపాలకులను, శాసనసభ్యులను నిలదీయుడు. నగరమునుండి తిరిగి వచ్చినవానిని "ఎక్కడ దిగినారు?" అని గాక "పని యైనదా?" అని యడుగుట మన పఠనమందిరములలో నేటినుండియే ఆరంభమగుగాక!