కట్టిన పన్నుకు లెక్క అడుగుదాం

ఆదాయపు పన్ను కట్టేవారే పన్ను చెల్లింపుదారులనీ, పేదలు ప్రభుత్వ దయపై బతికేవారనీ ఒక అపోహ సమాజంలో స్థిరపడింది. కూలి చేసుకునే వితంతువు కొనే సబ్బుపైనా పన్ను ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి స్నానపు సబ్బు బిళ్ళలపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. తగ్గిందే గాని పోలేదు. ఆటో నడిపే యువకుడు పోయించుకునే ప్రతి లీటరు డీజిలుపైనా వ్యాట్‌తో పాటు ఒక రూపాయి రహదారి అభివృద్ధి సెస్సును రాష్ట్రం 2020లో విధించింది. రోడ్డు గుంతల గురించి ప్రశ్నించే అర్హత అతనికి ఆ రూపాయే ఇచ్చింది.

గజపతినగరం వంటి పంచాయతీలలో తాగునీరు, మురుగు కాలువలు, వీధి దీపాలు ప్రధానంగా ఇంటి పన్నుపైనా, ఆర్థిక సంఘం నిధులపైనా ఆధారపడతాయి. 15వ ఆర్థిక సంఘం పంచాయతీ నిధులలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే ప్రత్యేకించింది. అయినా 2021, 2022 సంవత్సరాలలో నాటి రాష్ట్ర ప్రభుత్వం పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద మళ్ళించింది. సర్పంచులు రోడ్డెక్కి నిరసన తెలిపారు. ఖాతా ఖాళీ అయితే ముందుగా ఆగేది బలహీనుల వీధిలోని పనే. ముస్లింలు అధికంగా నివసించే గ్రామాలలో మౌలిక వసతుల కొరతను సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది.

అటువంటప్పుడు మనం చందాలు వేసుకొని బోరు తవ్విస్తున్నాం. దాహం తీర్చడం గొప్ప సదఖా, సందేహం లేదు. కాని నీటికి పన్ను ముందే కట్టాం. అదే చందా ఒక విద్యార్థి ఫీజుకో, ఒక రోగి మందులకో అందవలసింది. ప్రభుత్వ బాధ్యతను మన దానధర్మాలతో పూడ్చుతూ పోతే ఆ బాధ్యతను అడిగేవారే మిగలరు.

అడిగితే మైనారిటీలు ప్రత్యేక సౌకర్యాలు కోరుతున్నారని అనేవారు ఉంటారు. మురుగు కాలువకు మతం లేదు. మన వీధిలో నిలిచిన నీటి దోమ పక్క వీధికీ పోతుంది. కనుక ఇరుగుపొరుగును కలుపుకొనే అడగాలి.

ముందుగా మన ఇంటి పన్ను బకాయి లేకుండా చూసుకొని రసీదు భద్రపరచుకోవాలి. తరువాత జమాఅత్ పెద్దలు, ముఖ్యంగా నీటి కష్టం తెలిసిన మహిళలు, గ్రామసభకు వెళ్ళి మూడు సంగతులు అడగాలి: ఇంటి పన్ను ఎంత వసూలైంది? ఆర్థిక సంఘం నిధి ఎంత వచ్చింది? ఏ పద్దు కింద, ఏ వీధిలో ఖర్చయింది? ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా నేను గ్రహించినది ఒకటే: నోటిమాటకు దస్త్రం పుట్టదు. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి. జవాబు రాకుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. వచ్చే గ్రామసభకు ప్రతి వీధి నుంచీ కనీసం ఇద్దరు ఆ అర్జీతో హాజరు కావాలి.