పాటకూ కూలి ఉంది

ప్రియమైన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

వార్షికోత్సవం వస్తోందంటే మన హాస్టల్లో స్టడీ అవర్ కాస్తా రిహార్సల్ అయిపోతుంది. బకెట్ తిరగేసి దరువు వేసేవాళ్లు, కిటికీ ఊచలు పట్టుకుని గొంతెత్తేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. నేనూ అలా పాడినవాణ్ణే. ఇప్పుడు పీజీ చదువుతూ, సెలవుల్లో స్టేజీల మీద పాడి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నాను. పాటనే బతుకుదెరువు చేసుకోవాలనుకునే మీకు నేను చెప్పేది ఒక్కటే. పాడే ముందు కూలి మాట్లాడుకోండి.

కూలి అన్నందుకు కొందరికి కోపం రావచ్చు. కళకు వెల కడతావా అంటారు. ముందు నా అనుభవం వినండి.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఒక పెద్దమనిషి ఇంట్లో పెళ్లికి పాడటానికి మేం నలుగురం వెళ్లాం. రాత్రి ఎనిమిదికి మొదలుపెడితే రెండింటి దాకా పాడుతూనే ఉన్నాం. పొద్దున మైక్ సెట్ అతను, టెంట్ హౌస్ వాళ్లు, వంటవాళ్లు, ఫొటోగ్రాఫర్ అందరూ డబ్బులు లెక్కపెట్టుకున్నారు. మాకు మాత్రం తలా ఒక శాలువా కప్పి, "మంచి భవిష్యత్తు ఉంది బాబూ" అన్నారు. బస్సు ఛార్జీలు మా జేబులోవే. ఆ శాలువాను మా అమ్మ రెండు చలికాలాలు కప్పుకుంది. నా పరీక్ష ఫీజుకు మాత్రం అప్పు చేసింది.

మా ఇంటికి ఇది కొత్త కాదు. మా నాన్న డప్పు కొడతాడు. ఊళ్లో జాతరకైనా, చావుకైనా ఆ డప్పు మోగాల్సిందే. ఇచ్చింది పుచ్చుకోవడమే తప్ప ఇంత కావాలని అడిగే హక్కు మా తాతకు లేదు. ఒకసారి నాన్న రేటు అడిగితే "ఇన్నేళ్లు లేనిది ఇప్పుడేంటి?" అన్నారు. అది వెట్టి అయితే, శాలువా కప్పి పంపడం ఏమిటి?

ఘంటసాల విజయనగరంలో మధుకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్నారని చెబుతారు. నిజమే. కానీ అది విద్య నేర్చే రోజుల ఆకలి. నేర్చుకోవడానికి పస్తులుండటం వేరు, పనిచేసి పస్తులుండటం వేరు. ఆకాశవాణి ఆడిషన్ పెట్టి బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులిచ్చి, దాన్నిబట్టి పారితోషికం ఇస్తుంది. 2014లో ఏర్పడిన తెలంగాణ సాంస్కృతిక సారథి 550 మంది కళాకారులను నెల జీతంపై తీసుకుంది. పాట కూడా పనేనని ప్రభుత్వమే ఒప్పుకున్నాక మనకెందుకు మొహమాటం?

కొత్తవాడు డబ్బులడిగితే అవకాశం పోతుందని భయపడతారు. పోతుంది కూడా. నాకు రెండు కార్యక్రమాలు పోయాయి. మూడో చోట 800 రూపాయలు ఇచ్చారు. మొదటి రేటు తక్కువైనా ఫర్వాలేదు కానీ, సున్నా కాకూడదు. ఊరికే పాడినవాణ్ణి మళ్లీ ఊరికే పాడమని పిలుస్తారు.

ఎన్ని గంటలు పాడాలి, రానుపోను ఖర్చు ఎవరిది, రాత్రి పడక ఎక్కడ అన్నవి ముందే తేల్చుకోండి. సగం అడ్వాన్సు తీసుకోండి. చెల్లెళ్లూ, తిరుగు ప్రయాణం ఖాయం కాకుండా బయల్దేరకండి. కోరస్ పాడినవాళ్లకు, డప్పు కొట్టినవాళ్లకు వాటా ఎగ్గొట్టకండి. మనకు జరిగిన అన్యాయం మనం చేయకూడదు. రికార్డింగ్‌కు పిలిస్తే కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి గాయకులకు కూడా రాయల్టీ హక్కు కల్పించారు.

ఇంకో మాట. చదువు మానకండి. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు, పిలుపులూ ఉండవు. గొంతుకు జలుబు చేస్తే ఆ వారం సంపాదన లేనట్టే. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. చేతిలో అది ఉంది కాబట్టే, రేటు కుదరని చోట "రాను" అనే ధైర్యం వచ్చింది.

అలాగని అన్నిటికీ డబ్బులే అడగమనను. ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి మా వాడలో ఉచితంగానే పాడతాను. ఈ వార్షికోత్సవానికీ అంతే. ఇష్టంతో ఇచ్చేది వేరు, అడిగే ధైర్యం లేక వదులుకునేది వేరు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! గొంతు మనది, చెమట మనది. దాని వెల చెప్పే నోరు కూడా మనదే కావాలి.

మీ అన్న,
పూర్వ విద్యార్థి