ఇరవై-ఎనభై మంత్రానికి కనిగిరిలో చింతకాయలు రాలవు

మన సాఫ్టువేరు జనానికి ఒక జబ్బుంది. చేతిలో ఫోనుకి పనికొచ్చిన సూత్రాన్ని తీసుకెళ్ళి ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల మీద రుద్దేస్తాం. "బాటరీ ఇరవైకి తగ్గకూడదు, ఎనభై దాటకూడదు" అన్నది ఇప్పుడు వాట్సాపు వేదవాక్కు. బెంగుళూర్లో ఉన్న కొడుకు కనిగిరికి ఫోన్ చేసి "ఎనభై రాగానే చార్జింగు ఆపెయ్ నాన్నా" అంటాడు. డెబ్భై ఏళ్ళ ఆ పెద్దాయన మెట్లకింద స్టూలేసుకుని ఇన్వర్టరుకి కాపలా కాస్తాడు. సోలారు పెట్టించింది ఇందుకా?

ముందు అడగాల్సింది ఒకటుంది. ఆ మెట్లకింద ఉన్నది ఏ బాటరీ?

నీళ్ళుపోసే ట్యూబులర్ లెడ్ యాసిడ్ బాటరీ అయితే, ఎనభై దగ్గర ఆపడమంటే దానికి రోజూ కొంచెం కొంచెంగా విషం పెట్టడమే. నిండకుండా రోజుల తరబడి ఉంటే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత చార్జి చేసినా పూర్తిగా కరగదు. చివరి ఇరవై శాతం ఎక్కడానికి గంటలు పడుతుంది, ఆ గంటలే దాని ప్రాణం. కాబట్టి దీనికి సూత్రం వేరు: రోజూ నిండా నింపు, సగానికంటే కిందకి దించకు.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు అయితే కథ మారిపోతుంది. నిండా చార్జి అయి, ఎండవేడిలో ఊరికే కూర్చోవడం దీనికి పడదు. అందుకని రోజువారీ పరిమితి తొంభై దగ్గర పెట్టుకోవడంలో అర్థముంది. కానీ ఇక్కడా ఒక మెలిక. చార్జి ఇరవైలో ఉన్నా ఎనభైలో ఉన్నా దీని సెల్లు వోల్టేజి ఇంచుమించు 3.2-3.3 మధ్యే ఉంటుంది. డిస్‌ప్లేలో కనిపించే శాతం చాలావరకు కరెంటు లోపలికెంత, బయటికెంత అని లెక్కగట్టి చెప్పేదే. వారానికో పదిహేను రోజులకో ఒకసారి నిండా నింపకపోతే ఆ లెక్క తప్పుతుంది, సెల్లుల మధ్య సమతూకం కూడా చెడుతుంది. ఎప్పుడూ కాలిబ్రేట్ చెయ్యని సెన్సారు చెప్పిన అంకె పట్టుకుని నియమాలు రాస్తే, దాన్ని మన ఆఫీసులో ఏమంటామో మీకు తెలుసు.

"ఏదైతేనేం, ఎక్కువకాలం మన్నుతుందిగా" అంటారా? 5 యూనిట్ల బాటరీ కొని ఇరవై-ఎనభై పాటిస్తే చేతికొచ్చేది 3 యూనిట్లు. మిగతా రెండూ డబ్బులిచ్చి కొన్నవే, వాడనివ్వరు. పైగా వాడినా వాడకపోయినా బాటరీకి వయసు మీదపడుతూనే ఉంటుంది. మే నెల రాత్రి కరెంటు పోయినప్పుడు "బాటరీ పాడైపోద్దేమో" అని ఫాను కట్టేసి ఉక్కలో కూర్చునే ముసలివాళ్ళకోసమా ఈ పొదుపు? బాటరీ ఉన్నది మనుషులకోసం బాసూ, మనుషులు బాటరీకోసం కాదు.

అసలు ఆయుష్షు తినేసేవి వేరే ఉన్నాయి, వాటి గురించి ఎవడూ ఫార్వర్డు చెయ్యడు.

ఒకటి, వేడి. 25 డిగ్రీలపైన ప్రతి పది డిగ్రీలకీ లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది పాత లెక్క. 40 దాటే కనిగిరి ఎండల్లో దాన్ని రేకుల షెడ్డులో పెట్టి శాతాల గురించి మాట్లాడటం హాస్యాస్పదం. గాలాడే గదిలోకి మార్చండి.

రెండు, నీళ్ళు. కనిగిరి నీళ్ళలో ఫ్లోరైడు సంగతి లోకానికంతా తెలుసు. అందుకే తాగడానికి క్యాను నీళ్ళు తెచ్చుకుంటాం, బాటరీలోనూ అవే పోసేస్తాం. తాగడానికి పనికొచ్చేవన్నీ బాటరీకి పనికిరావు. ఆరోవో నీళ్ళలోనూ లవణాలు మిగులుతాయి. డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, అదీ చార్జింగు పూర్తయ్యాక.

మూడు, సెట్టింగు. లెడ్ యాసిడ్ తీసి లిథియం పెడతారు, ఇన్వర్టరులో బాటరీ టైపు మాత్రం పాతదే ఉంటుంది. నాలుగు సెల్లుల లిథియం ప్యాకు గరిష్ఠ పరిమితి 14.6 వోల్టులు. లెడ్ యాసిడ్‌కిచ్చే ఈక్వలైజేషన్ 15 దాటుతుంది. మిగతా కథ ఊహించుకోండి.

ఇంకో మాట. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్‌లో 78 వేల దాకా సబ్సిడీ వస్తుంది కదా అని పెట్టించుకుని, కరెంటు పోయినా ఇంట్లో ఫాన్లు తిరుగుతాయనుకునే వాళ్ళున్నారు. బాటరీ లేని గ్రిడ్ కనెక్షన్లో లైను పోతే ఆ ఇన్వర్టరూ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మాన్ ప్రాణంకోసం పెట్టిన నియమం అది.

కాబట్టి ఈసారి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక గంట కేటాయించండి. బాటరీ ఏదో చూడండి, టైపు సరిచెయ్యండి, పరిమితులు మీరే పెట్టండి. లిథియమైతే, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు నూటికి నూరు నింపుకునేలా మార్చడం నేర్పండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటిన రోజున ఎనభై దగ్గర ఆపుకోవడం పొదుపు కాదు, తెలివితక్కువతనం.

ఆటోమేషన్ మన వృత్తి. దాన్ని నాన్న చేత చేయించకండి.