గాజు మోగలేదు

మా పక్కింటి పాప ఇక్కడే హోసూరులో ఎనిమిదో తరగతి చదువుతోంది. బడిలో తమిళం గనుక లోహాన్ని 'ఉలోగం' అనీ, అలోహాన్ని 'అలోగం' అనీ నేర్చుకుంటుంది. ఇంట్లో మాట తెలుగు. మొన్నొక సాయంత్రం పుస్తకం పట్టుకుని వచ్చి, "మామా, ఈ రెండింటికీ తేడా తెలుగులో చెప్పు. మా అవ్వకు నేను చెప్పాలి" అంది. నేను బి.కాం. చదివినవాణ్ణి. కెమిస్ట్రీతో నా చుట్టరికం పదో తరగతితోనే తెగిపోయింది. అయినా ఇన్నేళ్ళుగా బ్యాంకులో బంగారం మీద అప్పులిస్తున్నాను గదా అని ధైర్యం చేశాను.

లోహానికి మెరుపు ఉంటుంది. సుత్తితో కొడితే రేకవుతుంది, లాగితే తీగవుతుంది. ఒక్క గ్రాము బంగారాన్ని దాదాపు 2 కిలోమీటర్ల తీగగా సాగదీయవచ్చు. వేడినీ, కరెంటునీ తనలోంచి పోనిస్తుంది. కాఫీ గ్లాసును అంచు దగ్గర పట్టుకునేది అందుకే. తడితే మోగుతుంది. గంధకపు ముద్దను కొట్టి చూడండి, పొడి అవుతుంది తప్ప మోగదు. ఇంతవరకు పాప తల ఊపింది.

ఆ తర్వాతే చిక్కు. పాదరసం లోహమే, కానీ గదిలో ద్రవంగా ఉంటుంది. సోడియంను కత్తితో కోయవచ్చు. అలోహమైన కర్బనం వజ్రంగా ఉంటే మహా గట్టి, పెన్సిల్లో గ్రాఫైటుగా ఉంటే కరెంటును పోనిస్తుంది. "అయితే ఏ గుణాన్ని నమ్మాలి మామా?" అంది. ఏ ఒక్కదాన్నీ నమ్మకమ్మా అని, గాజుల సంగతి చెప్పాను.

చాలా ఏళ్ళ కిందట ఒక పెద్దావిడ గాజుల జత తెచ్చింది. 48 గ్రాములు తూగాయి. మనవడికి ఆపరేషను, డబ్బు ఆ రోజే కావాలి. మా అప్రైజరు ఆచారిగారు గీటురాయి మీద గీశారు, ఆసిడ్ వేశారు. గీత చెదరలేదు, 22 క్యారెట్లే. నేను పెన్ను తీశాను. ఆయన మాత్రం ఒక గాజును బల్ల మీద జారవిడిచారు. 'టప్' మంది. మళ్ళీ విడిచారు, మళ్ళీ అంతే. దారం కట్టి నీళ్ళలో వేలాడదీసి తూచారు. జత 40 గ్రాములు చూపింది. గట్టి బంగారమైతే 45 గ్రాముల పైన చూపాలి. 22 క్యారెట్ల బంగారం నీటికి 17 రెట్లు పైన బరువు మరి. గీటురాయి పైపొర సంగతే చెప్పింది. లోపల లక్క! లెక్క వేస్తే సుమారు 42 గ్రాములు బంగారం, 6 గ్రాములు లక్క తేలింది. (లక్క మూలకం కాదు గనుక పుస్తకం ప్రకారం అలోహం అనకూడదు. మోగకపోవడంలో మాత్రం దానికి తమ్ముడే.)

"మా ఆయన మొత్తం తూకానికీ డబ్బు కట్టినాడు నాయనా" అంది ఆవిడ. గాజు నొక్కుకుపోకుండా లక్క పోయడం పాత పద్ధతే, అందులో మోసం లేదు. లక్కకు బంగారం ధర కట్టించుకోవడం మోసం. అమ్మినవాడూ, కొన్నవాడూ అప్పటికే లేరు. నేను 42 గ్రాములకే అప్పు రాయగలిగాను. అది చాలలేదు. ఆవిడ మారుమాట లేకుండా చెవుల కమ్మలు తీసి బల్ల మీద పెట్టింది. వాటిలోనూ రాళ్ళ బరువు తీసేయవలసి వచ్చింది.

పాప పుస్తకం మూసి, "ఆ అబ్బాయికి నయమైందా?" అంది. అయింది. ఏడాదికి మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, కమ్మలు విడిపించుకుని అక్కడే పెట్టుకుంది. గాజులకు వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించింది.