మాట ఫైలులోకి దిగితే

మా హిమాయత్‌నగరులో క్రికెట్టు కబుర్లు సగం మరాఠీలో, సగం తెలుగులో నడుస్తాయి. 2024 మే 8న ఉప్పల్ మైదానంలో హైదరాబాదు జట్టు 166 పరుగుల లక్ష్యాన్ని 9.4 ఓవర్లలోనే, ఒక్క వికెట్టయినా పోకుండా దాటేసింది. మావాళ్ళకు ఆ ముచ్చట కంటె, ఓడిన లక్నో జట్టు యజమాని సంజీవ్ గోయెంకా మైదానంలోనే కెప్టెను రాహుల్‌తో చేతులాడిస్తూ మాట్లాడిన సంగతే పెద్దదయింది. మాటలు మనకెవరికీ వినబడలేదు. అయినా "యజమానికి జరిమానా వేయాలి" అన్నవారున్నారు. వినబడని మాటకు జరిమానా ఏమిటండీ?

వినబడిన మాటకు శిక్ష పడిన కేసొకటి అమెరికాలో ఉంది. లాస్ ఏంజెల్స్ క్లిప్పర్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు యజమాని డొనాల్డ్ స్టెర్లింగ్, నల్లజాతి వారిని ఆటలకు వెంటబెట్టుకు రావద్దని స్నేహితురాలితో ఏకాంతంలో అన్న మాటల టేపు 2014 ఏప్రిల్‌లో బయటికి పొక్కింది. ఆ జట్టులో ఆడేవారిలో ఎక్కువమంది నల్లవారే! వారు 27వ తేదీ ఆటకు ముందు, జట్టు పేరు కనబడకుండా చొక్కాలు తిరగేసి తొడుక్కున్నారు. 29న లీగు కమిషనర్ ఆడమ్ సిల్వర్ ఆయనను జీవితాంతం బహిష్కరించి, 25 లక్షల డాలర్ల జరిమానా విధించారు. ఆ ఏడే జట్టు 200 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. 1981లో ఆయన కొన్నది కోటీ పాతిక లక్షలకు. అటువంటి శిక్ష తనకూ ఒకటి పడితే బాగుండునని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు.

ఏకాంతపు మాటకు ఇంత శిక్షా అని మొదట నాకూ అనిపించింది. సొంత గొడవ చెబుతున్నందుకు చదువరులు మన్నించాలి. నేను పూర్వం పనిచేసిన ఒకచోట, అధికారి తన గదిలో స్నేహితునితో మరాఠీలో "ఈ తెలంగీలను నమ్మి లెక్కలు అప్పగించరాదు" అనగా, చెక్క పార్టీషను ఇవతల కూర్చున్న నేను విన్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. "పైకి రాసి పంపండి" అన్నది ఇంట్లో ఆవిడ. పంపలేదు. ఆ మాట ఫైలులోకి దిగుతుందేమోనని ఏడాది పొడుగునా కనిపెట్టుకుని ఉన్నాను. దిగలేదు. ఇంక్రిమెంటు వేళకే వచ్చింది. క్యాషు పుస్తకం నా చేతినుంచి పోలేదు. ఆయనకు శిక్ష పడాలని ఇప్పటికీ అనను. నమస్కారం మాత్రం మునుపటంత వంగి పెట్టలేకపోయాను.

స్టెర్లింగ్ సంగతి వేరు. అక్కడ కాగితమే ఉంది. ఆయన అద్దె ఇళ్ళలో నల్లవారి పట్ల, పిల్లలున్న కుటుంబాల పట్ల వివక్ష చూపుతున్నారని ప్రభుత్వం దావా వేయగా, తప్పు ఒప్పుకోకుండానే 2009లో 27 లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీపడ్డారు. అప్పుడు లీగు కదలలేదు. ఇల్లు దొరకనివారి గోడు కంటె టేపులోని గొంతుకే విలువ ఎక్కువయింది.

నా ఓటు శిక్షకే, కాని ఒక్క టేపును పట్టుకుని కాదు. యజమాని చేతిలో జీతాలు, ఎంపికలు ఉంటాయి గనుక, అటువంటి మాట చెవిని పడగానే లీగు ముందు రిజిస్టర్లు తెప్పించాలి. శిక్ష కూడా ఆయన మీదనే పడాలి. మన దగ్గర 2015లో యజమానుల పక్షంవారి పందేలకు చెన్నై, రాజస్థాన్ జట్లనే రెండేళ్ళు పక్కన పెట్టారు; ఆటగాళ్ళు వేరే జట్లు చూసుకోవలసి వచ్చింది. క్లిప్పర్స్‌లో యజమాని వెళ్ళాడు, జట్టు మిగిలింది.

ఇదంతా చెప్పినా మావాళ్ళు వినిపించుకోలేదు. గోయెంకా చెయ్యి ఎన్నిసార్లు లేచిందన్న దగ్గరే ఉన్నారు.