మెదడు వారిది, మందు ఇతరులకా?

అల్జీమర్స్ వ్యాధిని గురించి నేడు మనకు తెలిసినదానిలో పెద్ద భాగం డౌన్ సిండ్రోమ్‌తో జీవించి మరణించినవారి మెదళ్లు నేర్పినదే. 1984లో అమెరికాలో గ్లెన్నర్, వాంగ్ అనే పరిశోధకులు అల్జీమర్స్ రోగుల మెదడు రక్తనాళాలలో పేరుకొనే అమిలాయిడ్ ప్రోటీన్‌ను వేరుచేశారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి మెదళ్లలోనూ అదే ఉన్నదని చూపారు. అయితే ఆ జన్యువును 21వ క్రోమోజోముపై వెతకాలన్నమాట! 1987లో సరిగ్గా అక్కడే దొరికింది. ఆ క్రోమోజోము వీరికి రెండుకు బదులు మూడు. కనుకనే నలభై ఏళ్లకు దాదాపు అందరి మెదళ్లలోనూ ఆ మార్పులు చోటుచేసుకుంటాయి.

ఆ అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ అనే మందుకు 2023 జూలైలో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. అందుకు ఆధారమైన పరీక్షలో సుమారు 1,800 మంది పాల్గొన్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి మాత్రం అందులో చోటు లేదు.

వీరికి మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఎక్కువ కావచ్చునంటారు. నిజమే, కొట్టిపారేయదగిన భయం కాదు. కాని వారికొరకు ప్రత్యేకంగా, జాగ్రత్తగా పరీక్ష జరపాలనడానికి అదే కారణం కావాలి. గుమ్మం మూసివేయడానికి కాదు. ఇక సమ్మతి తీసుకోవడం కష్టమన్న వాదన నాకు సోమరితనంగానే తోస్తుంది. అర్థమయ్యే రీతిలో వివరించి సమ్మతి పొందాలని మన దేశపు 2016 దివ్యాంగుల హక్కుల చట్టమే చెబుతున్నది.

ఈ నిర్లక్ష్యం పరిశోధనశాలతో ఆగదు. ముప్పైయేళ్ల బిడ్డ మాట తగ్గించి, పని మానేసి మూల కూర్చుంటే "డౌన్ సిండ్రోమ్ కదా, ఇంతే" అని పంపివేసే వైద్యులున్నారు. ఒకప్పుడు నేనూ అలా పంపినవాడినే. థైరాయిడ్ లోపం, వినికిడి తగ్గడం, నిద్రలో శ్వాస ఆగడం, మనోవ్యాకులత వీరిలో తరచుగా కనిపిస్తాయి. ఇవన్నీ మతిమరుపు వ్యాధిలాగే భ్రమింపజేస్తాయి. చికిత్సకు లొంగుతాయి కూడా. ఆ పరీక్షలు చేయించకుండా ఎవరైనా "ఇంతే" అంటే అంగీకరించకండి, అడగండి.

మీ ఇంట అటువంటి వ్యక్తి ఉంటే, తానుగా స్నానం చేయగలడా, ఎవరెవరి పేర్లు చెప్పగలడు, ఏ పాట పాడగలడు అన్నది ముప్పై అయిదేళ్లకే ఒక పుస్తకంలో రాసి ఉంచండి. ముందెలా ఉండేవాడో తెలియనిదే, ఏమి కోల్పోయాడో ఏ వైద్యుడూ చెప్పలేడు.