దేవుని కాపుదలయందు నమ్మిక

క్రైస్తవ కుటుంబములలో పుట్టి పెరిగిన మన విద్యార్థులలో అనేకులకు 91వ కీర్తన కంఠస్థము. ప్రయాణమునకు బయలుదేరునప్పుడును, పరీక్షలకు పోవునప్పుడును, ఇంట ఎవరికైనను జ్వరము తగిలినప్పుడును పెద్దలు దానినే చదివింతురు. తన్ను ఆశ్రయించిన వారిని దేవుడు కాపాడునను వాగ్దానము అందు నిండియున్నది. అయితే సువార్తలో ఈ కీర్తననే ప్రభువు నెదుట వల్లించినవాడు ఒకడు కలడు. వాడు అపవాది! దేవాలయ శిఖరముననుండి క్రిందికి దుముకుము, దూతలు నిన్ను ఎత్తిపట్టుకొందురని వాడు ప్రేరేపించిన వృత్తాంతము మత్తయి సువార్త 4వ అధ్యాయమున నున్నది. ప్రభువు దుముకలేదు. ఆ లేఖనము అబద్ధమనియు ఆయన అనలేదు. దేవుని శోధింపరాదని మాత్రము చెప్పి, నిలిచినచోటనే నిలిచెను.

ఈ సంగతిని మేము ఇచ్చట ఎత్తుటకు కారణము కలదు. మన పల్లెలలో "దేవుడే చూచుకొనును" అను మాట నిత్యము వినబడుచున్నది. తాను చేయగలిగినదంతయు చేసి, తన చేతిలో లేనిదానిని ఆయనకు అప్పగించువాడును ఆ మాటయే అనును. చేయవలసినది చేయుటకు భయపడియో సిగ్గుపడియో, ఆ భయమునకు భక్తియను ముసుగు వేయువాడును ఆ మాటయే అనును. మాట ఒక్కటియే గాని మనస్సులు వేరు. మొదటివానిది విశ్వాసము. రెండవవానిది విశ్వాసమని మేము ఒప్పుకొనజాలము.

కుష్ఠురోగమునే చూడుడు. ఒంటిమీద చిన్న మచ్చ లేచును. దానిమీద సూది గ్రుచ్చినను తెలియదు. నొప్పి లేదు గనుక దాచుట సులభము. ఇంటిలో పెండ్లికెదిగిన పిల్ల యున్నచో దాచవలెనను ఆత్రము మరింత హెచ్చును. ప్రార్థన చేయించితిమి, నూనె రాచితిమి, ప్రభువు ముట్టునందురు. ఏండ్లు గడచును. ఇంతలో నరములు చెడి వ్రేళ్లు వంకరపోవును. ఇది పాతకాలపు కథ కాదు. మన దేశము 2005వ సంవత్సరాంతమున ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా తొలగించితిమని ప్రకటించుకొన్నను, ప్రపంచమున ఏటేట క్రొత్తగా కనుగొనబడు రోగులలో సగమునకు పైగా నేటికిని ఇచ్చటివారే. మందు లేక కాదు, మందు ఉండియు.

మందు లేని దినములలో మన పొరుగుననే ఏమి జరిగెనో విద్యార్థులు తెలిసికొనవలెను. మన బాన్సువాడ 2016వ సంవత్సరము వరకు నిజామాబాదు జిల్లాలోనిదే. డిచ్‌పల్లి నేటికిని ఆ జిల్లాలోనున్నది. స్కాట్లాండు దేశస్థురాలును వైద్యురాలునగు ఇజబెల్ కెర్ దొరసాని, తన భర్త జార్జి కెర్‌గారితో 1907వ సంవత్సరమున వెస్లియన్ మిషను పక్షమున హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. పిమ్మట నిజామాబాదులో పని చేయుచుండగా, కుష్ఠురోగులకు చికిత్స చేయు తావు లేకపోవుట ఆమె కంటబడెను. ఆమె వారికొరకు ప్రార్థించియుండుననుటలో మాకు సందేహము లేదు. అయితే ప్రార్థించి ఊరకుండలేదు. 1915వ సంవత్సరమున డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆశ్రమము వెలసెను. అందుకు విస్తారమైన ధనము నిచ్చినవారు రాజా నర్సాగౌడ్‌గారు. ఆయన హిందువు. దేవుని కనికరము మన సంఘపు పుస్తకములో పేరున్నవారి చేతులనే వెదకికొని రాదని ఇచ్చట గమనింపవలెను. ఈ మాటను మన బోధకులు మరికొంచెము తరచుగా చెప్పిన బాగుండును.

ఆ కాలమున దొరకిన మందు చాల్మోగ్రా జాతి గింజల తైలము. త్రాగించిన వాంతి యగును. సూదిమందుగా ఎక్కించిన మిక్కిలి నొప్పి. సర్ లియొనార్డ్ రోజర్స్ అను వైద్యుడు సవరించిన పద్ధతిని ఇజబెల్ కెర్‌గారు 1920 తరువాత తమ రోగులకు వాడసాగిరి. దానివలన కొందరికి మేలు కలిగెను. అనేకులకు పూర్తిగా కుదురలేదు. నిజముగా పనిచేసిన డాప్సోను మందు 1940 తరువాతగాని ఈ రోగమునకు వాడుకలోనికి రాలేదు. ఆమె దానిని చూడలేదు. 1933వ సంవత్సరము జనవరిలోనే ఆమె మరణించెను.

అయినచో ఆమెను దేవుడు కాపాడలేదా? కుదురక మరణించిన ఆ రోగులను కాపాడలేదా? ఈ ప్రశ్నను తప్పించుకొని కాపుదలను గూర్చి వ్రాయుట న్యాయము కాదు. దానియేలు గ్రంథములోని ముగ్గురు యౌవనులు అగ్నిగుండము నెదుట రాజుతో చెప్పినదేమి? తమ దేవుడు తమ్మును తప్పింపగల సమర్థుడనియు, తప్పింపకపోయినను తాము ప్రతిమకు మ్రొక్కమనియు గదా. ఆ రెండవ మాట లేని నమ్మికను మేము బేరమందుము. కాపుదల యనగా గాయము తగులకపోవుట యొక్కటియే కాదు. ఊరివారు వెలివేసిన మనుష్యుని పేరుపెట్టి పిలిచి, పుండు కడిగి కట్టుకట్టిన చేయి ఒకటి డిచ్‌పల్లిలో నుండెను. దానికి మేము కాపుదల యనియే పేరు పెట్టుదుము. రోగము కుదురలేదు గనుక అది కాపుదల కాదనువారు, ఆ రోగులు ఆశ్రమమునకు రాకముందు ఏ చెట్టుక్రింద ఎట్లు బ్రతికిరో తలంచుకొనవలెను.

వైద్యుని యొద్దకు పోవుట అవిశ్వాసమని వాదించువారు మనలో ఇంకను కొందరున్నారు. వారికి హిజ్కియా రాజు వృత్తాంతమును జ్ఞాపకము చేయుదుము. రాజు కన్నీళ్లతో ప్రార్థించెను. అతనికి ఇంకను 15 సంవత్సరముల ఆయుస్సు ఇచ్చెదనని దేవుడు యెషయా నోట సెలవిచ్చెను. మాట వచ్చినది గదా, ఇక మందెందుకు? అయినను ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద కట్టించెను. వాగ్దానమును పండ్ల ముద్దయు ఒకే దినమున, ఒకే నోట వచ్చినవి. మన రైతులకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు. వానకొరకు ప్రార్థించినవారమే గాని, 1931వ సంవత్సరమున పూర్తియైన నిజాంసాగరము కట్ట మంజీరను ఆపకున్నచో ఆ నీరు మన మళ్లకు ఎక్కెడిది కాదు. కాలువ పూడిక తీయకుండ మోకరించువానిని చూచి ఊరివారు నవ్వుదురు. దేహము విషయమున మాత్రము ఏల నవ్వరో మాకు తెలియదు.

నేడు ఈ రోగమునకు పలు మందులు కలిపి యిచ్చు చికిత్స కలదు. ప్రపంచారోగ్య సంస్థ 1981వ సంవత్సరమున దీనిని సిఫారసు చేసెను. రోగము స్వల్పమైనచో 6 నెలలు, హెచ్చినచో 12 నెలలు మాత్రలు మ్రింగవలెను. చికిత్స మొదలైన కొలది దినములకే ఇతరులకు అంటుట ఆగిపోవును గనుక, రోగిని ఇల్లు వెడలగొట్టవలసిన పని లేదు, పిల్లను బడి మాన్పింపవలసిన పని లేదు. ప్రభుత్వాసుపత్రులలో ఈ మందునకు వెల లేదు.

ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త వచ్చి మచ్చలున్నవా యని అడిగినప్పుడు మన తల్లులు కొందరు లేవని చెప్పి తలుపు వేయుచున్నారు. విద్యార్థులారా, మీరు ఇంటనున్నచో ఆ తలుపు తెరువుడు. తల్లి వెరచిన యెడల ఆమెతోకూడ కూర్చుండి ఆ 91వ కీర్తనను చదువుడు, పిమ్మట ఆమెను వెంటబెట్టుకొని బాన్సువాడ ఆసుపత్రికి నడువుడు.